ముప్పై మార్కుల పేరా

పన్నెండు గంటలు కొట్టి చప్రాసీ చెప్పులీడ్చుకుంటూ వరండాలోంచి వెళ్ళిపోయాడు. ఇంకొక్క గంట. అందులో అరగంట పేరాకు, అరగంట వ్యాసానికి, ఒక్క నిమిషం అటూ ఇటూ అయినా నన్నడగొద్దని హనుమాండ్లు సారు వేలు చూపించి మరీ చెప్పాడు, ఉత్తరం రాసేసింది, వ్యాకరణం ముక్కలు అయిపోయాయి, సంగ్రహం కూడా మాటలు రెండుసార్లు లెక్కబెట్టి సరిగ్గా మూడో వంతుకు దించింది, ఇక ఈ రెండే మిగిలాయి, ఈ రెండింటికే అరవై మార్కులు. నూటికి నలభై రాకపోతే తప్పినట్టే. ఇంగ్లీషులో తప్పితే లెక్కల పేపరు, చరిత్ర పేపరు కట్ట కూడా విప్పరట, ఆడపిల్లల కాలేజీ అయితే ఏం, వాళ్ళ పద్ధతి అది, ఫీజు లేని సీట్లు పన్నెండు, రాయడానికి కూర్చున్నది నూట నలభై మంది, మెట్రిక్ పాసైన ఏడాదే తప్ప మళ్ళీ ఏడాది రాయనివ్వరు, అంటే ఇవాళ కాకపోతే ఇంకెప్పుడూ కాదు. రాజమణి పైటకొంగుతో నుదురు తుడుచుకుంది. జూన్ వచ్చి వారమైనా మిరుగు కార్తె తొలి చినుకు లేదు. పంజగుట్టలో ఎవరో నవాబు గారు వాడకుండా వదిలేసిన బంగళా ఇది, కిటికీలు మనిషెత్తున ఉన్నాయి గాని గాలి మాత్రం రాదు, కిటికీ అవతల సీతాఫలం పొదలు, రాళ్ళు, గేటు, గేటు దగ్గర తడి తువాలు నెత్తిన వేసుకుని నిలబడ్డ మనిషి తండ్రి ధర్మయ్య. పొద్దున అమీర్‌పేట నుంచి ఇద్దరూ నడిచే వచ్చారు, దారిలో మాట్లాడిస్తే బిడ్డ చదివింది మరిచిపోతుందని ఆయన నోరు మెదపలేదు. దర్జీ దుకాణంలో పనికి పొమ్మంటే పోడు, చెట్టు నీడన కూర్చోమంటే కూర్చోడు, గేటు ఊచలు పట్టుకుని లోపలికి చూస్తున్నాడు, ఏం కనిపిస్తుందో ఏమో.

ముందు ప్రశ్నలు చదువు, తర్వాతే పేరా చదువు. సారు చెప్పిన మొదటి సూత్రం అది. హనుమాండ్లు సారు రైల్వే ఆఫీసులో గుమాస్తా పని చేసి మానుకున్నవాడు, ఇంటర్ ఇంగ్లీషు మూడుసార్లు తప్పినవాడు, ఎక్కడెక్కడ కాలు జారుతుందో ఆయనకు తెలిసినంత పాసైనవాళ్ళకు తెలియదు. తన ఇంటి అరుగు మీద పొద్దున్నే ఆరుగురిని కూర్చోబెట్టుకుని ఇంగ్లీషు కంటే ఇంగ్లీషు పేపరును ఎక్కువగా నేర్పాడు. తెలియని మాట దగ్గర నిలబడిపోకు, దాటి ముందుకు పో, పక్క మాట చెబుతుంది. వ్యాసాలు ఐదు కంఠతా పట్టు, ఏ విషయం ఇచ్చినా తిప్పి తిప్పి ఆ ఐదింట్లో ఒకదానికి లాక్కురా. ఖాళీ మాత్రం వదలొద్దు. ఇక పేరా, అది అన్నిటికంటే సులువు, జవాబు అందులోనే ఉంటుంది, ప్రశ్నలో ఉన్న మాట పేరాలో ఎక్కడుందో వేలుపెట్టి వెతుకు, ఆ వాక్యం తీసుకుని కొంచెం అటూ ఇటూ మార్చి రాయి, దానికి తెలివి అక్కర్లేదు, తెలివి ఉంటేనే ప్రమాదం. ఆ చివరి మాట అన్నప్పుడు ఆయన రాజమణి వైపే చూశాడు. సరే, ప్రశ్నలు. ఐదు. మొదటి దాంట్లోనే వీవర్ అని కనబడింది, రెండో దాంట్లోనూ వీవర్, మూడో దాంట్లో మగ్గం. చేనేతవాడు! రాజమణికి గుండె ఎగిరింది. ఈ నూట నలభై మందిలో, ఈ కాన్వెంటు చదువుల వాళ్ళలో, మగ్గం చప్పుడు వింటూ పుట్టినది తనొక్కతే, వీళ్ళకేం తెలుసు పడుగు నిలువు పోగనీ పేక అడ్డపోగనీ, చీర కట్టుకోవడం తప్ప, తనను కన్న అవ్వ బల్కంపేట ఎల్లమ్మకు మొక్కింది కదా, ఎల్లమ్మ విన్నట్టే ఉంది, లేకపోతే ఎక్కడి ఇంగ్లీషు పేపరు, ఎక్కడి మగ్గం. పెదాల మీదికి నవ్వు వచ్చేసింది. పక్క బల్ల దగ్గర సికింద్రాబాదు పిల్ల తలెత్తి ఓసారి చూసి మళ్ళీ తన రాతలో పడిపోయింది.

అప్పుడు పేరా చదివింది. ఎవరో దొర ఎప్పుడో రాసిన పుస్తకంలోంచి తీసిన ఇరవై లైన్లు. తూర్పు దేశపు చేనేతవాడు పుట్టుకతోనే సోమరి, అని మొదలు. ఐడిల్ అన్న ఆ మాట తెలియనిదైతే సారు చెప్పినట్టు దాటిపోయేది, ఖర్మ కాలి అది తెలిసిన మాట. బుద్ధి పుట్టినప్పుడు నేస్తాడు, బుద్ధి పుట్టినప్పుడు మగ్గం పక్కనే పడి నిద్రపోతాడు, పండుగ వస్తే వారం, పెళ్ళి వస్తే నెల. తాత పట్టుకున్న పనిముట్టే తానూ పట్టుకుంటాడు, కొత్తది నేర్వాలంటే సోమరికి ఒళ్ళు వంగదు. మిల్లు వచ్చి చవక గుడ్డ ఇచ్చి బీదవాళ్ళ ఒళ్ళు కప్పితే, ఆ మిల్లును తిట్టుకుంటూ కూర్చున్నాడు. చివరికి మగ్గం వదిలేశాడు, వదిలినందుకు పెద్దగా బాధపడలేదు కూడా, దేనికీ పెద్దగా బాధపడే రకం కాదు గనుక. ఇంతే పేరా. రాజమణి మళ్ళీ చదివింది, తనకు ఇంగ్లీషు తక్కువ కదా, తప్పుగా అర్థమైందేమో, చివర్లో ఎక్కడన్నా ఇది నిజం కాదు అని ఉందేమో, లేదు, ఎక్కడా లేదు. చెవులు వేడెక్కాయి. వాడి నోట్లో మన్ను పడ, ఎంత నున్నగా రాశాడు, ఒక్క వాక్యం కూడా తడబడలేదు, వాడు ఏ పొద్దు లేచి ఏ వాడకట్టులో తిరిగి చూశాడట.

సొంతూరు సిద్దిపేటలో వేగుచుక్క ఉండగానే వాడకట్టులో పడుగు పరిచేవాళ్ళు, ఎండెక్కితే గంజి ఆరి పోగులు పెళుసెక్కుతాయని, చీకటిలోనే ఈ కొస నుంచి ఆ కొసకు పెద్ద కుంచె పట్టుకుని తండ్రి నడుస్తూనే ఉండేవాడు, ముందుకు నడక, వెనక్కు నడక, చేతులు గంజితో తెల్లబడి, తాను నిద్రకళ్ళతో ఇంటి గడపలో కూర్చుని చూసేది, ఐదేళ్ళప్పుడే తెగిన పోగు అతకడం వచ్చు తనకు, అంత చిన్న వేళ్ళకే అది బాగా వస్తుందని మెచ్చుకునేవాళ్ళు. తెల్లారాక మగ్గం గుంటలో కాళ్ళు పెట్టి దిగితే మళ్ళీ దీపాల వేళకే లేవడం, చలికాలం గుంటలో చెమ్మకు మోకాళ్ళు పట్టేసి, లేపడానికి అవ్వ చెయ్యందించాల్సి వచ్చేది, ఆ మనిషి మగ్గం పక్కన పడి నిద్రపోయాడట, పండుగకు వారం రోజులు పనెగ్గొట్టాడట, లోకమంతా పండుగకు కొత్తబట్ట అడుగుతుంటే ఆ బట్ట నేసే సాలోడి ఇంట్లో పండుగెక్కడిది, ఆ వారమంతా కూడు కూడా మగ్గం మీదికే అందించేది అవ్వ. కొత్తది నేర్చుకోలేదట! తాడు లాగితే పేక పోగు మోసే నాడె తనంత తానే పరుగెత్తే మగ్గం వచ్చినప్పుడు వాడలో మొట్టమొదట బిగించుకుంది ధర్మయ్యే, నలుగురూ నవ్వినా వినలేదు, ఆరు నెలల్లో ఆ నలుగురికీ ఆయనే నేర్పాడు. మిల్లు గుడ్డ వచ్చినా నిలబడ్డాడు, యుద్ధం వచ్చాకే కూలబడ్డాడు, నూలు సర్కారు కంట్రోలులోకి పోయింది, కార్డు చేతబట్టుకుని డిపో ముందు మూడు రోజులు నిలబడితే అరకట్ట నూలు, నాలుగో నెల అదీ లేదు. సగం నేసిన బట్ట మగ్గం మీద అట్లాగే ఆగిపోయింది. అప్పుడు కూర్చున్నాడు ధర్మయ్య, అవును, అప్పుడు మాత్రం ఊరికే కూర్చున్నాడు, ఐనా పొద్దున్నే లేచి స్నానం చేసి బొట్టు పెట్టుకుని వెళ్ళి గుంటలో దిగి కూర్చునేవాడు, చేతిలో నూలుపోగు లేకుండా, నాలుగు నెలలు. ఆ తర్వాత ఒకనాడు తట్టతో మన్ను మోసుకొచ్చి గుంట పూడ్చాడు, కాళ్ళతో తొక్కి, పేడతో అలికి, అక్కడ ఎవరినీ అడుగు పెట్టనివ్వలేదు, వచ్చిపోయే చుట్టాలను సుత పక్కనుంచి నడవమన్నాడు, పట్నం బయలుదేరేదాకా అంతే. బాధపడే రకం కాదట. రాజమణి కళ్ళలో నీళ్ళు తిరిగి లైన్లు అలుక్కుపోయాయి, ఛీ ఇప్పుడా, ఇక్కడా, అని తనను తానే తిట్టుకుంది.

గోడ గడియారంలో పన్నెండుంబావు. ఒక్క జవాబూ రాయలేదు. పోయిన ఉగాది ముందు ఇట్లాగే జరిగింది సారు అరుగు మీద, ఆయన ఇచ్చిన పేరాలో నేసే ముందు నూలుకు గంజి ఎందుకు పెడతారంటే తెల్లగా మెరవడానికి అని ఉంది, తనకు నవ్వొచ్చింది, మెరుపు కోసం కాదు, నేతలో తెగకుండా పోగుకు బలం రావడానికి, రాసినవాడికి ఈ పని తెలియదు అని కూడా కలిపి రాసింది, పది లైన్లు, ఇంగ్లీషులో అంత బాగా తానెప్పుడూ రాయలేదు. సారు ఆ కాగితం మీద సున్నా చుట్టి అందరిముందూ చదివాడు.

"గంజి ఎందుకు పెడ్తరో నిన్నెవరడిగిండ్రు?" అన్నాడు. "వాడేం రాసిండో గది అడిగిండ్రు."

"వాడు తప్పు రాసిండు సార్."

"రాయనీ. మిరపకాయ తియ్యగుంటదని వాడు రాస్తే తియ్యగుంటదనే రాయాలె. నీకు తెల్సిందంత చెప్పులతోని బయట ఇడ్సిపెట్టి రా బిడ్డా. గీ తెలివితోనే నేను మూడుసార్లు తప్పిన."

తోటి వాళ్ళు నవ్వారు, సారు నవ్వలేదు. ఇంటికొచ్చి చెబితే ధర్మయ్య చేతిలో సూది ఆపి, నువ్వు రాసిందే నిజం, సున్నా వేస్తే వేసుకోనీ అన్నాడు, అంటూనే మళ్ళీ కాజా మీదికి వంగాడు. కాజాలు! ఎనభయ్యో నంబరు సన్న నూలుతో ధోతి నేసిన చేతులు, మిల్లు చొక్కాలకు గుండీల రంధ్రాలు కుట్టుకుంటూ బతుకుతున్నాయి, కోయడం మాస్టరు, కుట్టడం మిషను, ఎవరికీ పట్టని ఆ చివరి పని ఈయనది, సాయంత్రమయ్యేసరికి కళ్ళు ఎర్రబడి నీళ్ళు కారతాయి, అవ్వా తానూ కూడా ఇంట్లో కూర్చుని కుడతారు, ఈ పిల్ల చెయ్యి తండ్రి చెయ్యి కంటే సన్నగుంది, చదువు మాన్పించి పూర్తిగా కూర్చోబెట్టు ధర్మయ్యా అని మాస్టరు ఇప్పటికే రెండుసార్లు అన్నాడు. తప్పితే రేపటి నుంచే ఆ చాప మీద తండ్రి పక్కన తానూ, కళ్ళు పోయేదాకా. పాసైతే కాలేజీ, నాలుగేళ్ళకు ఏదో బళ్ళో పంతులమ్మ, తండ్రికి సూది వదిలే రోజు.

ఇంకా ఏం చూస్తున్నావు, రాయి. నాలుగో ప్రశ్న, చేనేతవాడు మగ్గం ఎందుకు వదిలాడు. జవాబు ఇంగ్లీషులో తనంత తానే కట్టుకుని వచ్చి నాలుక మీద కూర్చుంది, నూలు ఇవ్వలేదు గనుక, ఒక్క చిన్న వాక్యం, తప్పు లేని వాక్యం, కలం సిరాలో ముంచింది, కాగితం మీదికి తెచ్చింది. సారు అడ్డం నిలబడ్డాడు. నిన్నెవరడిగిండ్రు. నిజమే, ఎవరూ అడగలేదు, ఈ గదిలోనే కాదు, డిపో దగ్గరా అడగలేదు, ఎందుకు వదిలావయ్యా అని ధర్మయ్యను అడిగినవాడు లేడు, ఈ కాగితం దిద్దే వాళ్ళు మాత్రం ఎందుకడుగుతారు, అడ్డంగా గీత గీసి సున్నా చుట్టి పక్క కాగితం తీసుకుంటారు, ఆ సున్నా ఎందుకొచ్చిందో తండ్రికి ఎట్లా చెప్పాలి, నీకోసం రాశాను నాయినా అనాలా, అంటే ఆయన సంతోషిస్తాడు, సంతోషించి చాప మీద పక్కకు జరిగి తనకు చోటిస్తాడు. అట్లా ఆయన జరగడం కళ్ళకు కట్టినట్టు కనబడేసరికి రాజమణి మొదటి ప్రశ్నకు వెనక్కి వెళ్ళింది. రచయిత ప్రకారం, అని మొదలుపెట్టింది. ఆ మాట పట్టుకుంటే కొంచెం ధైర్యంగా ఉంది, రచయిత ప్రకారం చేనేతవాడు సోమరి, రచయిత ప్రకారం అతడికి కొత్తది నేర్చుకునే ఓపిక లేదు, రచయిత ప్రకారం మిల్లు బీదవాడికి మేలు చేసింది, రచయిత ప్రకారం అతడు సోమరి గనుకనే మగ్గం వదిలాడు, పెద్దగా బాధపడలేదు కూడా, నేననలేదు, వాడన్నాడు, వాడి పాపం వాడిది, అక్షరాలు గుండ్రంగా, లైను మీద లైను వంకర లేకుండా, చివరి ముక్క రాసేటప్పుడు కిటికీ వైపు చూడకుండా ఉండటానికి ఎడమచెయ్యి బుగ్గకు ఆనించుకుంది.

ఐదో ప్రశ్న మిగిలింది. పేరాకు తగిన పేరు పెట్టండి, ఆరు మార్కులు. ఇక్కడ రచయిత ప్రకారం అని రాయడానికి లేదు. పేరు తాను పెట్టాలి. ఇరవై లైన్లలో వాడు ఎన్నో అన్నాడు గాని దీనికి పేరు పెట్టలేదు, పెట్టి ఉంటే ప్రశ్నపత్రం చేసినవాళ్ళు తీసేసి ఉంటారు, ఆ ఖాళీ తన కోసం ఉంచారు. దీనిక్కూడా సారు ఉపాయం చెప్పాడు, బుర్ర పగలగొట్టుకోవద్దు, పేరాలో ఎక్కువసార్లు వచ్చిన మాటలు రెండు ఏరి పక్కపక్కన పెట్టు, అదే పేరు, ఎప్పుడూ తప్పదు. రాజమణి కలం కొసతో కాగితం మీద ఆనకుండా లెక్కబెట్టింది. వీవర్ ఏడుసార్లు. ఐడిల్ నాలుగు. మిల్లు మూడే. ఇంకోసారి లెక్కబెట్టింది, మిల్లు ఇంకొక్కసారి ఎక్కడన్నా ఉంటే బాగుండు, చేనేత, మిల్లు అని పెట్టి తప్పించుకునేది, లేదు, మూడే. బేగంపేట వైపు నుంచి లేచిన విమానం ఒకటి బంగళా మీదుగా ఎంత కిందగా పోయిందంటే సిరాబుడ్లు గలగలలాడాయి, అందరూ తలలెత్తారు, కావలి ఉన్న దొరసాని కూడా పైకి చూసింది, ఆ చప్పుడులో రాజమణి తల దించుకుని ది ఐడిల్ వీవర్ అని రాసేసింది. సోమరి చేనేతవాడు. కింద గీత గియ్యాలి, పేరు కింద గీత గీస్తే దిద్దేవాడికి ఇష్టం, అదీ సారే చెప్పాడు. గీసింది. ఎవరో తన చేత రాయించారని అనుకోవడానికి లేదు, ఆ మూడు మాటలు పేరాలో ఎక్కడా కలిసి లేవు, ఈ కాగితం మీదే కలిశాయి, తన చేతిరాతలో. తనంటే తనకే అసహ్యం వేసింది, అసహ్యంతో పాటు ఆరుకు ఆరు వస్తాయని నమ్మకం కూడా కలిగింది, ఆ నమ్మకానికి మరింత అసహ్యం వేసింది.

వ్యాసానికి ఇరవై నాలుగు నిమిషాలు. మూడు విషయాలిచ్చి ఒకటి ఎంచుకోమన్నారు, రెండోది శ్రమకున్న గౌరవం. కంఠతా పట్టిన ఐదింట్లో అది మూడోది. ఆలోచించే పనే లేదు, చెయ్యి రాసుకుపోయింది, ఏ పనీ తక్కువది కాదు, చెమటోడ్చే చెయ్యి దేశానికి అండ, అంటూ సారు ఎక్కడినుంచి తెచ్చి కూర్చాడో గాని ప్రతి వాక్యమూ వరుస తప్పకుండా వచ్చింది, రాస్తూ రాస్తూ ఒకచోట ఆమెకు పిచ్చి నవ్వు పుట్టబోతే దగ్గినట్టు దగ్గి మింగేసింది. ఒంటిగంటకు చప్రాసీ గంట కొట్టాడు. సికింద్రాబాదు పిల్ల బద్ధకంగా ఒళ్ళు విరుచుకుని, పేపరు ఈజీగా వచ్చింది కదా అంది, పేరా మరీ ఈజీ అంది. రాజమణి అవునంది.

గేటు దగ్గరికి వచ్చింది. ధర్మయ్య ఎదురొచ్చి తన తువాలు తీసి ఆమె నెత్తిన వేశాడు, అది ఎప్పుడో ఆరిపోయి కాలుతోంది. ఏమొచ్చింది బిడ్డా అనడిగాడు. ఏదో చెప్పి తప్పించుకోవాల్సింది, ఆవు మీద వచ్చిందనో, రైలు మీద వచ్చిందనో. అట్లా అనుకుంటూనే ఉంది, నోరు వినలేదు.

"మన గురించే వచ్చింది నాయినా. సాలోళ్ల గురించి."

"ఇంగ్లీషులనా?"

ఆయన అట్లాగే ఆగిపోయాడు. పక్కనుంచి కాన్వెంటు పిల్లల టాంగాలు దుమ్ము లేపుకుంటూ పోతున్నాయి. ఏమని రాసిండ్రు అని అడిగేటప్పుడు ఆమె మొహం వైపు కాదు, నేల వైపు చూశాడు.

"మంచిగనే రాసిండ్రు," అంది రాజమణి. "పొద్దు పొడవకముందే లేస్తరని రాసిండ్రు. మస్తు కష్టం చేస్తరని. మగ్గం ఇడ్సిపెట్టినప్పుడు శాన బాధపడ్డరని."

ధర్మయ్య కళ్ళు తుడుచుకోవడానికి తువాలు కోసం భుజం తడుముకున్నాడు, అది బిడ్డ నెత్తి మీద ఉందని గుర్తొచ్చి మోచేత్తో తుడుచుకున్నాడు. గంత దూరం ఉన్న దొరలకు సుత తెల్సింది సూడు, అన్నాడు. గేటు వేస్తున్న చప్రాసీని ఆపి, మా పని గురించే అడిగిండ్రంట భాయ్, నా బిడ్డకు గది తెల్వకుంటదా, సీటు వచ్చినట్టే అన్నాడు. చప్రాసీ తలూపాడు. సీటు వస్తుందని రాజమణికీ తెలుసు, ఇంకో వారంలో గోడ మీద అంటించే కాగితంలో తన పేరు ఎక్కడుంటుందో కూడా కనబడుతున్నట్టే ఉంది.

ఎండలో ఇద్దరూ అమీర్‌పేట దారి పట్టారు. నాలుగడుగులు వేశాక ధర్మయ్య మళ్ళీ ఆగి, సిగ్గుపడుతూ అడిగాడు.

"మనల్ని ఇంగ్లీషుల ఏమంటరు బిడ్డా? ఒక్కసారి అను."

"వీవర్," అంది రాజమణి.

ఈవర్, ఈవర్, అని రెండుసార్లు అనుకుని, ఆ మాట బాగుందన్నాడు ధర్మయ్య. దాని ముందు బిడ్డ పెట్టి వచ్చిన మాటేమిటో ఆయన అడగలేదు.